మైలుకు ఒక అంగుళం

11 జూన్ 1956, సోమవారం

ఈ రోజు నుంచి పెద్ద పని. నలభై రెండు ఊళ్ల పటాలు నా టేబులు మీదికి వచ్చాయి. అన్నీ మైలుకు పదహారు అంగుళాల పటాలు. వాటన్నిటినీ కలిపి మైలుకు ఒక అంగుళం లెక్కన ఒకే మ్యాపుగా గీయాలి. ఎక్కడ పత్తి, ఎక్కడ జొన్న, ఎక్కడ నీళ్లు పారే తరి, ఎక్కడ బంజరు, ఎక్కడ ఇళ్లు, అంతా రంగుల్లో చూపించాలి. కొత్త కాలువకు నీళ్లు వదిలే ముందు పెద్దవాళ్లు చూడటానికి దాన్ని ఆఫీసు గోడకు తగిలిస్తారట.

హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ ఉచ్చీరప్ప గారు ఈ పని నాకే ఇచ్చారు. ఆదోని ఆఫీసులో నీ అంత గుండ్రంగా అక్షరాలు రాసేవాడు లేడు కాశప్పా అన్నారు. సంతోషించాలి. భయం వేసింది. నాది టెంపరరీ పోస్టు. జూలై ఆఖరుతో ఆర్డరు అయిపోతుంది. హనుమక్కకు అయిదో నెల. నాకంటే ముందు ఈ సీట్లో జయన్న అనే ట్రేసర్ ఉండేవాడు. ఇంజనీరు గారి ఎదుట, నలుగురిలో, సార్ ఈ లెవెలు తప్పు అన్నాడు. తప్పు నిజమే. మర్నాటి నుంచి అతను రాలేదు.

14 జూన్

రూల్సు కాగితం ఇచ్చారు. పది ఎకరాల కంటే చిన్న తునక ఏదైనా పక్కనున్న రంగులో కలిపేయాలి. ఇరవై ఎకరాల పత్తి నడుమ మూడెకరాల కొర్ర ఉంటే అదీ పత్తే. బావి కింద ఎకరం వరి ఉంటే, చుట్టూ మెట్ట ఉంటే, అదీ మెట్టే. లేకపోతే మ్యాపు నిండా చుక్కలు పడి చూసేవాడికి ఏమీ తెలియదు.

ఒక్కటే మినహాయింపు. ఇళ్లున్న చోటు ఎంత చిన్నదైనా ఎర్ర చుక్క పెట్టాలి.

19 జూన్

పని బాగా సాగుతోంది. ప్యాంటోగ్రాఫ్ ఒక కాలు పెద్ద పటం మీద నడుస్తుంటే రెండో కాలు చిన్న కాగితం మీద నడుస్తుంది. పెద్ద పటంలో అరచేయంత పొలం చిన్నదాంట్లో నువ్వు గింజంత అవుతుంది. వంకరలు సాపు చేస్తాను. పది మలుపులున్న గట్టుకు మూడు మలుపులు చాలు. మొదట ఏదో తప్పు చేస్తున్నట్టు ఉండేది. ఇప్పుడు ఇష్టంగానే ఉంది. గందరగోళంగా ఉన్న నేల నా చేతికింద నెమ్మదిస్తున్నట్టు ఉంటుంది.

జిన్నింగు మిల్లు నుంచి దూది ఎగిరొచ్చి తడి ఇంకు మీద పడుతోంది. కిటికీ మూస్తే ఉక్క, తీస్తే దూది.

27 జూన్, బుధవారం

గోనెగండ్ల వైపు షీటు అయిపోయింది. ఒక చోట ఇబ్బంది వచ్చింది. నల్లవంక అనే వాగు పేరు దాని పొడవునా రాశాను. అక్షరాలు చక్కగా కుదిరాయి. సరిగ్గా 'ల్ల' ఒత్తు మీద ఒక ఎర్ర చుక్క పడింది. సిలువ కొట్టాల అని ఏదో చిన్న జాగా. పద్నాలుగు ఇళ్లు. ఆ చుక్క ఉంటే అక్షరం అలుక్కుపోయినట్టు కనబడుతోంది. పేరు జరిపి చూస్తే పొలాల రంగు మీద పడుతోంది. మళ్లీ రాయాలంటే మూడు రోజుల పని పాడు.

చుక్కను బ్లేడుతో గీకేశాను. అక్కడ బంజరుకు వేసే బూడిద రంగు పూశాను. ఇప్పుడు వంక పేరు ముత్యాల్లా ఉంది.

2 జూలై

ఉచ్చీరప్ప గారు 'చెక్ చేశాను' అని సంతకం పెట్టారు. చూడకుండానే పెట్టారు. ఇంజనీరు గారు మ్యాపు ముందు చాలా సేపు నిలబడి, ఇంత క్లీన్ మ్యాపు ఈ జిల్లాలో చూడలేదు అన్నారట. నా పేరు అడిగారట. హనుమక్కకు చెప్పాను. ఆమె ఆర్డరు గురించి అడిగింది. అది ఇంకా తెలియదు అన్నాను.

9 జూలై

మ్యాపుకు అద్దం బిగించారు.

18 జూలై, బుధవారం

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

కాలువకు మొదటిసారి నిండుగా నీళ్లు వదిలి చూస్తారట. ఎక్కువైన నీళ్లు నల్లవంకలోకి వదిలేస్తారు. వంక ఒడ్డున ఉన్న ఊళ్లలో ముందు రోజు దండోరా వేయించాలి. ఏయే ఊళ్లు అని లిస్టు టైపు చేశారు. ఎక్కడ చూసి టైపు చేశారు అని అడిగాను. అద్దంలో ఉన్న నీ మ్యాపు చూసేనయ్యా, నలభై రెండు పటాలు ఎవడు విప్పుతాడు అన్నాడు టైపిస్టు.

పదకొండు ఊళ్లు. సిలువ కొట్టాల లేదు. ఎలా ఉంటుంది?

జూలై 27, శుక్రవారం నీళ్లు వదులుతారు.

19 జూలై

పాత పటం తీసి చూశాను. వంక మలుపు తిరిగే చోట, మలుపు లోపల, పల్లంలో ఉంది. పద్నాలుగు ఇళ్లు. ఒక బావి. ఒక ప్రార్థన మందిరం, చిన్న సిలువ గుర్తుతో. పక్కన సమాధులు. గోనెగండ్ల నుంచి అక్కడికి ఒక కాలిబాట. ఇన్ని ఉన్నాయి. నేను ఒక్క చుక్కే అనుకున్నాను.

బహుశా వంకకు ఎత్తైన గట్టు ఉండవచ్చు. బహుశా గోనెగండ్లలో వేసే దండోరా వాళ్లకూ వినబడుతుంది. ఈ 'బహుశా'లు పొద్దున్నుంచి లెక్కపెడుతున్నాను.

20 జూలై, శుక్రవారం

ధైర్యం చేసి ఉచ్చీరప్ప గారికి చెప్పాను. ఆయన తలుపు వైపు చూశారు. తర్వాత తన సంతకం ఉన్న కాగితం వైపు చూశారు. ఆయనకు పెన్షన్‌కు ఇంకా పద్నాలుగు నెలలు. మెల్లగా అన్నారు. "కాశప్పా, నువ్వు నాకేమీ సెప్పలేదు. నేనేమీ ఇన్లేదు. గోనెగండ్ల తప్పెట ఆ కొట్టాలకు ఇనపడతాది. పో, పని సూసుకో."

ఆయనకు నా కంటే ఎక్కువ భయం. అది చూశాక నాది రెట్టింపయింది.

22 జూలై, ఆదివారం. సాయంత్రం

తెల్లవారుజామున బస్సెక్కి ఎమ్మిగనూరు, అక్కడి నుంచి గోనెగండ్ల. హనుమక్కకు ఆఫీసు పని అని చెప్పాను. తప్పెట వినబడుతుందో లేదో చూద్దామని అడుగులు లెక్కపెడుతూ నడిచాను. నాలుగు వేల వరకు లెక్క తప్పలేదు. ఆ తర్వాత రేగడి నెర్రెల్లో కాలు పడి లెక్క పోయింది. రెండు మైళ్లు. నడుమ గుట్ట. ఏ తప్పెటా వినబడదు.

వంకలో ఇసుక తప్ప నీరు లేదు. అవతల కొట్టాలు. మట్టి గోడలు, బోదగడ్డి కప్పులు. గట్టు మోకాలెత్తు కూడా లేదు.

ప్రార్థన అయిపోయి జనం బయటికి వస్తున్నారు. నా చంకలో కాగితాల చుట్ట చూసి ఆగిపోయారు. ఆడవాళ్లు పిల్లలను లోపలికి లాక్కున్నారు. ప్రభుదాసు అనే నడివయసు మనిషి ముందుకు వచ్చాడు. వాళ్లలో ప్రార్థన చేయించేది అతనే. ఎవరు, యాడ నుంచి అని అడిగాడు. ఆదోని ఆఫీసు అన్నాను. ఆ మాటే తప్పయింది. సిద్దమ్మ అనే ముసలామె వచ్చి నా కాళ్ల మీద పడింది.

"మా పేరు యాడా రాయొద్దు నాయనా. రాస్తే పట్టా ఏదంటారు. లేదంటే లెయ్యమంటారు. కూలి జనం, యాడికి పోతాము. మమ్మల్ని సూడనట్టే పో."

వాళ్లకు పట్టాలు లేవు. కొలతల మనిషి వచ్చాడంటే లేపేయడానికే అని వాళ్ల భయం. చెప్పడానికే వెళ్లాను. నోటి దాకా వచ్చింది. చెబితే వీళ్లు గోనెగండ్లకు పరుగెత్తుతారు, ఎవరు చెప్పారని అక్కడ అడుగుతారు, నా పేరు బయటికి వస్తుంది, ఎందుకు చుక్క లేదని ఆఫీసులో అడుగుతారు. ఇదంతా ఒక్క క్షణంలో నా తలలో తిరిగింది.

రాయను అవ్వా అన్నాను. ఆమె చెంబుతో మజ్జిగ ఇచ్చింది. తాగాను. తిరిగి వచ్చేశాను.

దారి పొడవునా నాకు నేను చెప్పుకున్నాను, వాళ్లే వద్దన్నారు కదా అని.

23 జూలై

అన్నం సగంలో వదిలి లేచాను. హనుమక్క జ్వరమా అని నుదురు ముట్టుకుంది.

24 జూలై, మంగళవారం. సాయంత్రం ఆరు

తేదీ మార్చారు. శుక్రవారం చూడటానికి రావాల్సిన పెద్ద ఇంజనీరు రేపే వస్తున్నాడట. రేపు ఉదయం ఎనిమిదికి నీళ్లు వదులుతారు. పదకొండు ఊళ్లకూ మధ్యాహ్నమే మనుషులు వెళ్లారు. నాకు ఇప్పుడు తెలిసింది.

కాగితం మీద రాశాను: 'సిలువ కొట్టాల అనే నివాస స్థలాన్ని అక్షరాల అందం కోసం నేను తొలగించాను. అది నల్లవంక ఒడ్డున ఉంది. అక్కడికి దండోరా వెళ్లలేదు. కాశప్ప, ట్రేసర్.' ఇంజనీరు గారు కాలువ దగ్గరికి క్యాంపు వెళ్లిపోయారు. ఆయన టేబులు మీద పెట్టి దాని మీద ఇంకు సీసా పెట్టాను. రేపటి దాకా ఎవరూ చూడరు. వాళ్లకు చెప్పాలంటే నేనే పోవాలి. ఈ రాత్రికి ఇక బస్సు లేదు.

హనుమక్కకు అంతా చెప్పాను.  మొదటి బస్సు అయిదుకి కదా, నాలుగుకే లేపుతాను అంది.

25 జూలై, బుధవారం. గుట్ట మీద, మధ్యాహ్నం రెండు

పెన్సిలుతో రాస్తున్నాను. నా చుట్టూ కోళ్లు, మేకలు, కుండలు, జనం. 

ఎనిమిదిన్నరకు కొట్టాలకు చేరాను. గోనెగండ్ల నుంచి సగం దూరం పరుగెత్తాను. వంక దాటుతుంటే ఇసుక మీద గొర్రెల డెక్కల గుర్తులు కొత్తవి, చాలా కనబడ్డాయి. ఆగలేదు.

ప్రభుదాసు పలుగు భుజాన వేసుకుని కూలికి బయలుదేరుతున్నాడు. నీళ్లొస్తున్నాయి, అందరినీ గుట్ట ఎక్కించు అన్నాను.

"యా నీళ్లు? వాన లేదే."

"కాలువ నీళ్లు. వదిలేసి ఉంటారు ఈ పాటికి."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "నిన్న గోనెగండ్లలో దండోరా ఏసినారంట. మాకు వచ్చేటివైతే మాకూ సెప్పుంటారు కదప్పా. మమ్మల్ని ఈడ నుంచి లేపేకి ఇదొక ఎత్తు."

ఎంత చెప్పినా కదల్లేదు. వెనక మగవాళ్లు నలుగురు చేరారు. అప్పుడు నా దగ్గరున్న మ్యాపు నకలు విప్పి నేల మీద పరిచాను. ఇది వంక, ఇది గోనెగండ్ల అని చూపించాను. ఈ మ్యాపు చూసే దండోరా ఊళ్లు రాశారు అన్నాను.

"ఇందులో మేము యాడుండాము?"

"లేరు."

"ఏంటికి లేము?"

"నేను గీకేశాను. అక్షరాలకు అడ్డం వచ్చారని."

 ప్రభుదాసు ఆ బూడిద రంగు వైపు చూస్తూ ఉండిపోయాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. అతను లేచి ప్రార్థన గుడిసె ముందు వేలాడుతున్న రైలు పట్టా ముక్కను రాయితో కొట్టడం మొదలుపెట్టాడు. ఆగకుండా కొట్టాడు. తన మీద తాను అబద్ధం చెప్పుకోవడానికి ఇంత దూరం ఎవడూ రాడని నమ్మినట్టున్నాడు.

జొన్నల గంపలు, మంచాలు, పిల్లలు, ఈత చాపలు. ఒకామె రోలు ఎత్తబోతే ఇద్దరు లాగేశారు. సిద్దమ్మను మనవడు వీపున వేసుకున్నాడు. నా పక్క నుంచి పోతూ ఆమె అంది. "రాయొద్దని నీ కాళ్లు పట్టుకుంటిని. నువ్వు సెరిపేటోడివని నాకేం తెలుసు."

అరవై మూడు మంది. నేనే లెక్కపెట్టాను. రెండుసార్లు.

పదకొండు దాటాక శబ్దం వచ్చింది. గానుగ తిరిగినట్టు, దూరంగా. తర్వాత వంక మలుపులో ఎర్రటి నురగ కనబడింది. మనిషెత్తు గోడలా వస్తుందని భయపడ్డాను. అలా రాలేదు. నడుస్తూ వచ్చినట్టు వచ్చింది. ఒడ్డున మోకాలంత, నడుమంత, అంతే; వంక మధ్యలో మాత్రం నిలువెత్తు లోతు. గట్టు దాటి ఇళ్లలోకి వెళ్లి నిలబడింది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత మట్టి గోడలు నానిపోయి ఒక్కొక్కటే కూర్చున్నాయి. ఒక గోడ పడ్డప్పుడల్లా ఆ ఇంటివాళ్లు మాత్రం చిన్నగా మూలిగారు. మిగతావాళ్లు తమ గోడ వైపు చూస్తూ ఉన్నారు.

తొమ్మిది ఇళ్లు పోయాయి. సమాధులు కనబడటం లేదు. మనుషులంతా ఉన్నారు. దేవుడి దయ అని ప్రభుదాసు ప్రార్థన చేయించాడు. నేను కూడా కళ్లు మూసుకున్నాను.

అదే రోజు, సాయంత్రం

నీళ్లలో ఒక గొర్రె కొట్టుకొచ్చింది. కొట్టాలదేమో అనుకున్నాను. మాది కాదు అన్నారు అందరూ. తర్వాత ఇంకొకటి. తర్వాత ఒకదాని మీద ఒకటి, ముప్పై, నలభై. తర్వాత ఒక గొంగడి.

ప్రభుదాసు నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. మూడు రోజుల కింద హాలహర్వి వైపు నుంచి ఒక గొర్ల కాపరి మందతో వచ్చాడట. మలుపుకు పైన వంక ఇసుకలోనే మకాం పెట్టాడట. ఈ హడావుడిలో ఎవరికీ గుర్తు రాలేదు.

నాకు గుర్తు రావాల్సింది. డెక్కల గుర్తులు చూసింది నేను.

26 జూలై

వెతికారు. గోనెగండ్ల నుంచి కూడా మనుషులు వచ్చారు. వంక వెంట మూడు మైళ్లు నేనూ నడిచాను. కర్ర దొరికింది. మనిషి దొరకలేదు.

రాత్రి ఇంటికి వచ్చాను. హనుమక్క నా కాళ్లకున్న బురద కడిగింది. 

30 జూలై, సోమవారం

ఇంజనీరు గారు పిలిచారు. నా కాగితం ఆయన ముందే ఉంది.  ఆయన అరవలేదు. ఈ సంగతి ఆఫీసులో ఇంకెవరికి తెలుసు అని అడిగారు. ఉచ్చీరప్ప గారు పక్కనే ఉన్నారు. ఎవరికీ తెలియదు అన్నాను. ఉచ్చీరప్ప గారు ఊపిరి వదలడం నాకు వినిపించింది.

నలభై రెండు పటాలూ మళ్లీ చూసి, ఇంకా ఏ ఇళ్లు వదిలేశానో రాసివ్వమన్నారు. అందాకా, అంటే ఇంకో మూడు నెలలు, నన్ను ఉంచుతారట. కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేశారు. కొట్టాలకు కొత్త జాగా, కప్పులకు బోద ఇప్పించమని రాస్తానన్నారు. గొర్ల కాపరి మాట ఎత్తాను. అతను ఎక్కడి వాడో, ఎక్కడ ఉన్నాడో మన రికార్డులో ఏముంది అన్నారు.

2 ఆగస్టు

ఇంకా ఆరు దొరికాయి. ఒకటి బోయల గుడిసెలు, ఒకటి సున్నం బట్టీ దగ్గర ఇళ్లు. మిగతావి నాకు గీకేసిన సంగతి కూడా గుర్తు లేదు. అక్కడ ఎవరూ నీళ్లు వదలలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

కొత్తగా ఎర్ర చుక్కలు పెడుతున్నాను. పెట్టిన ప్రతిసారీ దాని చుట్టూ ఇంకేం వదిలేశానో అని చూస్తున్నాను. ఒక గంటలో రెండు అంగుళాలు కూడా సాగడం లేదు.

6 ఆగస్టు, సోమవారం

ఒకామె ఆఫీసుకు వచ్చింది. పేరు చౌడమ్మ. గొర్ల కాపరి భార్య. హాలహర్వి నుంచి నడిచి వచ్చింది. పటాలు గీసే ఆయప్ప ఎవరని అడిగితే నన్ను చూపించారు.

"మా ఆయప్ప ఆ పొద్దు యాడ పండుకున్యాడో అది సూపియ్యప్పా. ఆడ దీపం పెట్టొస్తా."

పదహారు అంగుళాల పటం తెచ్చి నేల మీద పరిచాను. కొట్టాలకు పైనున్న వంకంతా చూపించాను. ఆమె మొదటి మలుపు మీద వేలు పెట్టింది. ఈడనా అంది. తెలియదమ్మా అన్నాను. వేలు కొంచెం జరిపింది. ఈడనా అంది.

తలుపులు మూసే వేళకు ఇంకా సగం వంక మిగిలి ఉంది.